సౌర విద్యుత్ వ్యవస్థల రేడియో అంతరాయం

ఇంటి పైకప్పు మీది సౌర విద్యుత్ వ్యవస్థ పనిచేస్తున్నప్పుడు దాని నుంచి అనుకోకుండా వెలువడే అధిక పౌనఃపున్య శక్తి చుట్టుపక్కల రేడియోల్లో రొదగా వినిపించడాన్ని సౌర వ్యవస్థల రేడియో అంతరాయం అంటారు. ఇందులో సౌర ఫలకాల తప్పేమీ లేదు. ఎండ తగిలిన సిలికాన్ ఘటం చడీచప్పుడూ లేకుండానే డీసీ కరెంటు ఇస్తుంది. రొద పుట్టేది ఆ కరెంటును మార్చే ఇన్వర్టర్లు, ఆప్టిమైజర్లు, బ్యాటరీ చార్జ్ కంట్రోలర్లలోని స్విచింగ్ సర్క్యూట్లలో. దాన్ని గాలిలోకి వదిలేవి చాలావరకు వాటికి కలిపిన తీగలు.

అమెరికాలో సౌర వ్యవస్థల సంఖ్య 2016లో 10 లక్షలకు, 2024లో 50 లక్షలకు చేరింది. వీటిలో అత్యధికం ఇళ్ల మీదివే. కాలిఫోర్నియా 2020 జనవరి 1 నుంచి కొత్తగా కట్టే ఇళ్లలో చాలావాటికి సౌర విద్యుత్తును తప్పనిసరి చేసింది. ఈ విస్తరణతో పాటే మీడియం వేవ్ శ్రోతల నుంచి, షార్ట్ వేవ్ వినేవారి నుంచి, ముఖ్యంగా అభిరుచి కొద్దీ రేడియో సంభాషణలు జరిపే హామ్ రేడియో లైసెన్సుదారుల (హామ్‌ల) నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. అన్ని సౌర వ్యవస్థలూ ఇలా రొద చేయవు. చాలావాటి ఉనికి పక్కింటి రేడియోకు తెలియను కూడా తెలియదు. అయితే పైకప్పు మీది ప్రతి పరికరమూ చట్టం గీసిన గీత లోపలే ఉన్నా రేడియోకు నిశ్శబ్దం దొరకని సందర్భాలున్నాయి. ఆ గీతను ఎక్కడ గీశారు, దేన్ని కొలవకుండా వదిలేశారు అన్నదే ఈ సమస్యకు కీలకం.

నేపథ్యం

తొలి తరం వ్యవస్థల్లో ఇంటికి ఒకే ఇన్వర్టర్ ఉండేది. ఫలకాలను ఒకదాని వెనక ఒకటిగా కలిపిన వరసను స్ట్రింగ్ అంటారు. అలా కలిపితే వోల్టేజి వందల వోల్టులకు పెరుగుతుంది. ఒకటి రెండు కుటుంబాలు ఉండే ఇళ్లకు అమెరికా జాతీయ విద్యుత్ నియమావళి విధించిన పరిమితి 600 వోల్టులు. ఆ డీసీ కరెంటు గరాజ్ గోడకు బిగించిన ఇన్వర్టర్ దాకా దిగివచ్చి, ఇంటి అవసరానికి తగ్గట్టు 240 వోల్టుల, 60 హెర్ట్జ్ ఏసీగా మారేది. ఒక్క ఫలకం మీద చిమ్నీ నీడ పడినా వరస మొత్తం దిగుబడి తగ్గడం ఈ అమరికలోని ఇబ్బంది.

దీనికి విరుగుడుగా ఒక్కో ఫలకం వెనక ఒక్కో చిన్న పరికరాన్ని బిగించే పద్ధతి వచ్చింది. 2006లో కాలిఫోర్నియాలో మార్టిన్ ఫోర్నాజ్, భారత సంతతి ఇంజనీరు రఘు బేలూరు ఎన్‌ఫేజ్ సంస్థను స్థాపించారు. ఫలకం దగ్గరే డీసీని ఏసీగా మార్చే మైక్రో ఇన్వర్టర్‌ను ఆ సంస్థ 2008లో మార్కెట్లోకి తెచ్చింది. అదే 2006లో ఇజ్రాయెల్‌లో మొదలైన సోలార్‌ఎడ్జ్ మరో దారి పట్టింది. ఫలకం వెనక ఉండే ఆప్టిమైజర్ డీసీని మరో డీసీ వోల్టేజికి మారుస్తుంది. ఏసీగా మార్చే పని కింద ఉన్న ఇన్వర్టర్‌ది.

ఫలకాల వెనక పరికరాలు పెరగడానికి రెండో కారణం అగ్నిమాపక సిబ్బంది భద్రత. ఇంటికి కరెంటు కట్ చేసినా ఎండ ఉన్నంతసేపూ ఫలకాల తీగల్లో ప్రాణాంతకమైన వోల్టేజి ఉంటుంది. అందుకని జాతీయ విద్యుత్ నియమావళి 2014 కూర్పులో, 690.12 సెక్షన్ కింద, ‘ర్యాపిడ్ షట్‌డౌన్’ నిబంధన చేరింది. 2017 కూర్పు దాన్ని మరింత బిగించింది. ఫలకాల పరిధి లోపలి తీగల్లో కూడా 30 సెకన్లలో వోల్టేజి 80 వోల్టులకు పడిపోవాలన్న షరతు 2019 జనవరి 1 నుంచి అమలయ్యేలా రాసింది. రాష్ట్రాలు ఈ కూర్పులను తమ తమ వేళలకు ఆమోదించుకుంటూ వచ్చాయి. ఈ షరతును నెరవేర్చడానికి సులువైన మార్గం ప్రతి ఫలకం వెనకా ఒక ఎలక్ట్రానిక్ పరికరం పెట్టడమే. ఆ విధంగా ఒకప్పుడు గరాజ్‌లో ఒక్క స్విచింగ్ పరికరం ఉన్న చోట, 20 ఫలకాల ఇంట్లో పైకప్పు మీదే 20 పరికరాలు చేరాయి. దిగుబడి, ప్రాణరక్షణ అన్న రెండు మంచి కారణాలే రొద పుట్టే చోట్లను పెంచాయి.

రొద పుట్టే తీరు

సౌర ఫలకం ఇచ్చే శక్తి ఎండ, వేడి, నీడలను బట్టి క్షణక్షణం మారుతుంది. ఏ వోల్టేజి దగ్గర అది గరిష్ఠంగా ఉంటుందో వెతుక్కుంటూ, నష్టం లేకుండా వోల్టేజిని మార్చాలంటే కరెంటును చాలా వేగంగా ఆపుతూ వదులుతూ ఉండాలి. ఇన్వర్టర్లు, ఆప్టిమైజర్లలోని ట్రాన్సిస్టర్లు ఈ పనిని సెకనుకు వేలసార్లు, కొన్నిటిలో లక్షల సార్లు చేస్తాయి. స్విచింగ్ వేగం పెరిగేకొద్దీ లోపలి కాయిళ్లు, ట్రాన్స్‌ఫార్మర్లు చిన్నవవుతాయి, ఖర్చు తగ్గుతుంది. తయారీదారులు వేగం వైపు మొగ్గడానికి కారణం ఇదే.

ఇలా ఏర్పడే దీర్ఘచతురస్రపు తరంగంలో మూల పౌనఃపున్యంతో పాటు దాని గుణిజాలన్నీ ఉంటాయి. వీటినే హార్మోనిక్స్ అంటారు. ఉదాహరణకు ఒక పరికరం 200 కిలోహెర్ట్జ్ వేగంతో స్విచింగ్ చేస్తే దాని 35వ, 36వ హార్మోనిక్స్ 7,000, 7,200 కిలోహెర్ట్జ్ దగ్గర పడతాయి. అమెరికా హామ్‌లు వాడుకునే 40 మీటర్ల బ్యాండ్ 7,000 నుంచి 7,300 కిలోహెర్ట్జ్ దాకా ఉంటుంది కాబట్టి ఆ రెండూ నేరుగా అందులోకి వస్తాయి.

ఈ హార్మోనిక్స్ బలం పౌనఃపున్యం పదింతలైనప్పుడల్లా సుమారు 20 డెసిబెళ్ల చొప్పున తగ్గుతూ పోతుంది. ఒక స్థాయి దాటాక 40 డెసిబెళ్ల చొప్పున పడిపోతుంది. ఆ మలుపు ఎక్కడ వస్తుందో నిర్ణయించేది ట్రాన్సిస్టర్ ఎంత చురుగ్గా తెరుచుకుంటుంది, మూసుకుంటుంది అన్నది. అందుకు 50 నానోసెకన్లు పడితే మలుపు దాదాపు 6.4 మెగాహెర్ట్జ్ దగ్గర, 10 నానోసెకన్లే పడితే దాదాపు 32 మెగాహెర్ట్జ్ దగ్గర వస్తుంది. సిలికాన్ కార్బైడ్, గాలియం నైట్రైడ్ ట్రాన్సిస్టర్లు ఇంకా వేగవంతమైనవి. వేడి రూపంలో పోయే నష్టాన్ని అవి తగ్గిస్తాయి కానీ, సరైన వడపోత లేకపోతే షార్ట్ వేవ్ దాటి, దానికి పైనున్న వీహెచ్‌ఎఫ్ దాకా రొదను మోసుకెళ్తాయి.

కొన్ని పరికరాల్లో స్విచింగ్ వేగాన్ని కావాలనే కొద్దికొద్దిగా అటూ ఇటూ కదుపుతుంటారు. దీనివల్ల ఒక్కో హార్మోనిక్ శిఖరం ఎత్తు తగ్గి, కొలత పరికరంలో అంకె చిన్నదవుతుంది. మొత్తం శక్తి మాత్రం తగ్గదు. రెండు శిఖరాల మధ్య ఇంతకుముందు ఖాళీగా ఉన్న చోటుకు కూడా అది పరుచుకుంటుంది. పరీక్షలో గట్టెక్కించే ఈ ఉపాయం ఆ ఖాళీల్లో బలహీన సంకేతాలు వెతుక్కునే శ్రోతకు నష్టమే.

తీగలే యాంటెన్నాలు

రొద పరికరం పెట్టెలోనే ఉండిపోతే ఎవరికీ ఇబ్బంది లేదు. అది బయటికి రావడానికి రెండు దారులున్నాయి. ప్లస్ తీగలో వెళ్లి మైనస్ తీగలో తిరిగొచ్చే రొద ఒకటి. తీగలు రెండూ పక్కపక్కనే నడిస్తే దీని ప్రభావం చాలావరకు రద్దవుతుంది. రెండోది ప్లస్, మైనస్ తీగలు రెండింటిలోనూ ఒకే దిశలో ప్రవహించి, ఫలకాల లోహపు చట్రాలు, ఎర్తింగ్ తీగ ద్వారా తిరిగి వచ్చే రొద. దీన్ని కామన్ మోడ్ కరెంటు అంటారు. రేడియోలను వేధించేది ప్రధానంగా ఇదే.

దీనికి పెద్ద కరెంటు అక్కర్లేదు. 50 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక మీటరు తీగలో 5 మైక్రోఆంపియర్ల కామన్ మోడ్ కరెంటు ప్రవహిస్తే చాలు, 3 మీటర్ల దూరంలో క్షేత్రబలం అమెరికా గృహ పరికరాల పరిమితి అయిన మీటరుకు 100 మైక్రోవోల్టులను తాకుతుంది. ఇంటి పైకప్పు మీద తీగ ఒక మీటరుతో ఆగదు. 7 మెగాహెర్ట్జ్ దగ్గర అర్ధ తరంగదైర్ఘ్యం సుమారు 21 మీటర్లు. ఫలకాల వరస, అక్కడి నుంచి గరాజ్‌కు దిగే తీగ కలిపితే దాదాపు ఆ పొడవే వస్తుంది. పైగా అవి ఇంట్లో అన్నిటికంటే ఎత్తున, ఆకాశానికి ఎదురుగా ఉంటాయి. మంచి ప్రసారానికి హామ్‌లు కోరుకునే లక్షణాలన్నీ వాటికి ఉన్నాయి. ప్లస్ తీగ ఒక వైపు నుంచి, మైనస్ తీగ మరో వైపు నుంచి ఫలకాలను చుట్టి వస్తే మధ్యలో పెద్ద లూప్ ఏర్పడి పరిస్థితి మరింత చెడుతుంది.

మైక్రో ఇన్వర్టర్లలో పొడవైన డీసీ వరస ఉండదు కాబట్టి ఈ బాధ కొంత తక్కువ. అయితే అవి ఇంటి ఏసీ తీగల మీదుగానే సమాచారం పంపుకుంటాయి. ర్యాపిడ్ షట్‌డౌన్ కోసం వాడే సన్‌స్పెక్ పద్ధతి 131.25, 143.75 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక సంకేతాన్ని డీసీ తీగల్లో పంపుతూ ఉంటుంది. అది ఆగితే ఫలకాలు ఆగిపోతాయి. అమెరికా రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2017లో హామ్‌లకు తెరిచిన 135.7–137.8 కిలోహెర్ట్జ్ బ్యాండ్ సరిగ్గా ఈ రెండింటి మధ్యే ఉంది.

ఎవరికి ఎంత నష్టం

అమెరికాలో మీడియం వేవ్ ప్రసారాలు 530 నుంచి 1,700 కిలోహెర్ట్జ్ దాకా ఉంటాయి. పగటిపూట దూరపు స్టేషన్లు వినేవారికి సౌర వ్యవస్థల రొద బరబరమనే ధ్వనిగా, కొన్నిసార్లు సన్నని ఈలగా వినిపిస్తుంది. ప్రవాస భారతీయులకూ ఈ బ్యాండ్ పరాయిది కాదు. శాన్ హోసే నుంచి 1,170 కిలోహెర్ట్జ్ మీద ప్రసారమయ్యే కేఎల్ఓకే స్టేషన్ బే ఏరియాలోని దక్షిణాసియా శ్రోతలకు ఏళ్ల తరబడి కార్యక్రమాలు అందించింది. కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ నుంచి 2.5, 5, 10, 15, 20 మెగాహెర్ట్జ్ మీద సమయ సంకేతాలు పంపే డబ్ల్యూడబ్ల్యూవీ స్టేషన్ కూడా ఈ రొద పరిధిలోకే వస్తుంది.

హామ్‌ల నష్టం వీటన్నిటికంటే ఎక్కువ. షార్ట్ వేవ్ గ్రాహకాల్లో సంకేత బలాన్ని ఎస్-మీటరుతో కొలుస్తారు. ఎస్9 అంటే 50 మైక్రోవోల్టులు. అక్కడి నుంచి ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా 6 డెసిబెళ్లు తగ్గి, ఎస్1 దగ్గర 0.2 మైక్రోవోల్టు మిగులుతుంది. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఎస్2 చూపే గ్రాహకం పక్కింట్లో సౌర వ్యవస్థ వచ్చాక ఎస్7 చూపిస్తే, రొద 30 డెసిబెళ్లు, అంటే శక్తిలో వెయ్యి రెట్లు పెరిగినట్టు. ఖండాల అవతలి నుంచి వచ్చే బలహీన సంకేతాలు దాని కింద మునిగిపోతాయి.

ఇబ్బంది ఒక వైపు నుంచే కాదు. హామ్‌లు చట్టప్రకారం 1,500 వాట్ల దాకా ప్రసారం చేయవచ్చు. ఆ శక్తి సౌర తీగల్లోకి దూరి ఆప్టిమైజర్లను తికమక పెట్టవచ్చు. 2011 నియమావళి నుంచి డీసీ తీగల్లో నిప్పురవ్వలను పసిగట్టే పరికరం తప్పనిసరి అయింది. నిప్పురవ్వను అది గుర్తుపట్టేది తీగలోని అధిక పౌనఃపున్య రొదను బట్టే. రేడియో ప్రసారాన్ని నిప్పురవ్వగా పొరబడితే వ్యవస్థ మొత్తాన్ని ఆపేస్తుంది.

చట్టం

అమెరికాలో రేడియో తరంగాలను నియంత్రించేది ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, అంటే ఎఫ్‌సీసీ. లైసెన్సు లేకుండా రేడియో శక్తిని వెలువరించే పరికరాల్లో అత్యధికం దాని నిబంధనల్లోని 15వ భాగం కిందికి వస్తాయి. దీని మూలాలు 1938 నాటివి. గృహ కంప్యూటర్లు వచ్చి టీవీలను చెడగొట్టడం మొదలుపెట్టాక, 1979లో డిజిటల్ పరికరాలకు పరిమితులు విధించారు. టాండీ సంస్థ టీఆర్‌ఎస్-80 మోడల్ 1 కంప్యూటర్‌ను 1981లో ఆపేయడానికి కొత్త పరిమితులకు అది తూగకపోవడమే కారణం. 15వ భాగాన్ని 1989లో తిరగరాశారు. సౌర ఇన్వర్టర్లు కూడా ఈ చట్రంలోనే నడుస్తున్నాయి.

గృహ పరికరాలకు వర్తించే క్లాస్ బీ పరిమితులు రెండు రకాలు. 150 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా ఏసీ లైన్‌లోకి పరికరం తోసే రొదను కొలుస్తారు; 5–30 మెగాహెర్ట్జ్ మధ్య క్వాజీ-పీక్ అనే కొలత పద్ధతిలో పరిమితి 60 డెసిబెల్ మైక్రోవోల్టులు, అంటే ఒక మిల్లీవోల్టు. 30 మెగాహెర్ట్జ్ పైన మాత్రం గాలిలోకి వెలువడే క్షేత్రాన్ని కొలుస్తారు. 3 మీటర్ల దూరంలో 30–88 మెగాహెర్ట్జ్ మధ్య అది మీటరుకు 100 మైక్రోవోల్టులు మించకూడదు. వాణిజ్య స్థలాలకు ఉద్దేశించిన క్లాస్ ఏ పరిమితులు ఇంతకంటే సడలింపుతో ఉంటాయి.

సమస్య బయటపడేది ఇక్కడే. గోడలోని ప్లగ్గుకు తగిలించే టీవీనో, కంప్యూటర్‌నో మనసులో పెట్టుకుని రాసిన నిబంధనలివి. అలాంటి పరికరానికి పొడవైన తీగ ఒక్కటే ఉంటుంది, అది ఏసీ తీగ. సౌర ఇన్వర్టర్‌కు రెండో వైపు పైకప్పు మీద పదుల మీటర్ల డీసీ తీగ ఉంది. 30 మెగాహెర్ట్జ్ కింద ఏసీ వైపు కొలత ఉంది కానీ డీసీ వైపు లేదు. గాలిలోకి వెలువడే క్షేత్రం కొలత 30 మెగాహెర్ట్జ్ పైన గానీ మొదలవదు. హామ్‌లకు అతి ముఖ్యమైన షార్ట్ వేవ్ బ్యాండ్లలో డీసీ తీగ యాంటెన్నాగా ఎంత వదిలినా పరీక్షలో పట్టుబడకపోవచ్చు. పరీక్ష ఒక్కో పరికరానికి విడివిడిగా జరుగుతుంది. పైకప్పు మీద ఇరవై కలిసి పనిచేస్తున్నప్పటి మొత్తాన్ని ఎవరూ కొలవరు.

దీనికి చట్టంలో ఒక రక్షణ ఉంది. పరికరం పరిమితుల్లోనే ఉన్నా, లైసెన్సు ఉన్న రేడియో సేవను తీవ్రంగా దెబ్బతీస్తే లేదా పదేపదే అడ్డుకుంటే అది ‘హానికర అంతరాయం’ కిందికి వస్తుంది. ఎఫ్‌సీసీ నోటీసు ఇస్తే దాన్ని నడుపుతున్నవారు సమస్య తీరేదాకా ఆపేయాలి. బాధ్యత తయారీదారు మీద కాక ఇంటి యజమాని మీద పడుతుంది. హార్మోనిక్స్ అంటే ఏమిటో తెలియని మనిషి కూడా అందుకు జవాబుదారీ అవుతాడు. రేడియో అంతరాయం విషయంలో అధికారం ఎఫ్‌సీసీదేనని 1982లో కాంగ్రెస్ స్పష్టం చేసింది కాబట్టి నగరపాలక సంస్థలు ఇందులో తీర్పు చెప్పలేవు. అందువల్ల చాలా వివాదాలు ఇరుగుపొరుగుల మధ్య, ఇన్‌స్టాలర్ సహకారంతోనే పరిష్కారమవుతాయి. కనెటికట్ రాష్ట్రం న్యూయింగ్టన్‌లోని అమెరికా హామ్‌ల జాతీయ సంఘం ఏఆర్ఆర్ఎల్ ఇలాంటి కేసుల్లో సాంకేతిక సలహా ఇస్తుంది. 1914లో ఏర్పడిన ఈ సంఘం పత్రిక క్యూఎస్‌టీ 2016 ఏప్రిల్ సంచికలో ఇంటి సౌర విద్యుత్తు, హామ్ రేడియో కలిసి బతకడం ఎలాగో వివరించే వ్యాసం వచ్చింది.

గుర్తించడం

రొద ఎక్కడిదో తేల్చకుండా సౌర వ్యవస్థను నిందించడం పొరపాటు. ఎల్ఈడీ బల్బులు, చార్జర్లు, పగిలిన విద్యుత్ లైన్ ఇన్సులేటర్లు కూడా ఇలాంటి రొదే చేస్తాయి. సౌర రొదకు ఒక ప్రత్యేక లక్షణం ఉంది: పొద్దు పొడిచాక మొదలవుతుంది, మబ్బు కమ్మితే మారుతుంది, చీకటి పడితే ఆగిపోతుంది. బ్యాటరీ ఉన్న ఇళ్లలో మాత్రం రాత్రి కూడా ఇన్వర్టర్ నడుస్తుంది కాబట్టి ఈ గుర్తు ఒక్కటే చాలదు.

మొదటి పరీక్షకు చిన్న బ్యాటరీ రేడియో సరిపోతుంది. మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట ట్యూన్ చేసి, ఇంటి చుట్టూ నడవాలి. ఇన్వర్టర్ నుంచి పైకి వెళ్లే గొట్టం దగ్గరికి వచ్చేకొద్దీ బరబర పెరుగుతుంది. రేడియోను పక్కకు తిప్పితే లోపలి ఫెరైట్ కడ్డీ యాంటెన్నా దిశను బట్టి రొద తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. పూర్తిగా తగ్గిన స్థితిలో కడ్డీ కొన రొద వచ్చే వైపు చూపిస్తుంది. ఆ తర్వాత యజమాని అనుమతితో మిట్టమధ్యాహ్నం ఇన్వర్టర్ ఆపి, మళ్లీ పెట్టి చూస్తారు. కంప్యూటర్‌కు కలిపే రేడియో ఉన్నవారు తెర మీద సమాన దూరాల్లో నిలువు గీతల వరసను చూడగలరు. గీతల మధ్య దూరమే స్విచింగ్ వేగం. ఇన్వర్టర్ ఆపిన క్షణంలో ఆ గీతలన్నీ ఒక్కసారిగా మాయమైతే సందేహానికి తావు లేదు.

నివారణ

అన్నిటికంటే చౌకైన నివారణ ఫలకాలు బిగించక ముందే జరగాలి. ప్లస్, మైనస్ తీగలను జంటగా నడపడం, వీలైతే మెలివేయడం, లూప్ ఏర్పడకుండా చూడడం, తీగలను లోహపు గొట్టంలో దించడం, చట్రాలను సరిగ్గా ఎర్తింగ్ చేయడం ఇందులోకి వస్తాయి. ఇంట్లోనో పక్కింట్లోనో హామ్ ఉంటే, అంతరాయం వస్తే సరిచేసే బాధ్యత ఇన్‌స్టాలర్‌దేనని ఒప్పందంలో ముందే రాయించుకోవడం మంచిది. ఫలకాలు లీజు మీద తీసుకున్న ఇళ్లలో ఇది మరింత అవసరం.

తర్వాత చేసే మరమ్మతుల్లో ప్రధానమైనది ఫెరైట్ చోక్. ఇనుము ఆక్సైడ్‌తో చేసిన ఈ నల్లటి రింగు గుండా తీగను పంపితే కామన్ మోడ్ రొదకు నిరోధం ఎదురవుతుంది, అసలు కరెంటు మాత్రం నిరాటంకంగా సాగుతుంది. ప్లస్, మైనస్ తీగలు రెండింటినీ ఒకే రింగులోంచి, ఒకే దిశలో తిప్పాలి. అప్పుడే రెండు డీసీ కరెంట్ల అయస్కాంత ప్రభావం పరస్పరం రద్దయి రింగు సంతృప్తం కాకుండా ఉంటుంది. నిరోధం చుట్ల సంఖ్య వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది: ఒక చుట్టుకు బదులు ఐదు చుట్లు వేస్తే దాదాపు 25 రెట్లు. బజారులో దొరికే చిన్న క్లిప్ ఫెరైట్‌ను తీగకు ఒక్కసారి తగిలించి ఊరుకుంటే షార్ట్ వేవ్‌లో తేడా కనిపించకపోవడానికి కారణం ఇదే. ఫెరైట్ రకం కూడా ముఖ్యం. షార్ట్ వేవ్‌కు హామ్‌లు ఎక్కువగా 31వ నంబరు మిశ్రమాన్ని వాడతారు. 43వ నంబరు ఇంకా పై పౌనఃపున్యాలకు మేలు. ఇన్వర్టర్ దగ్గర డీసీ, ఏసీ వైపులు రెండింటా, తప్పనిసరైతే ఒక్కో ఆప్టిమైజర్ దగ్గరా చోక్ పెట్టాలి. పైకప్పు మీద పని కాబట్టి ఖర్చులో ఎక్కువ భాగం కూలీదే. వారంటీ చెడకుండా తయారీదారు సమ్మతితో చేయించుకోవడం అవసరం.

ఇతర దేశాల్లో

డీసీ తీగల విషయంలో ఐరోపా ఒక అడుగు ముందుంది. అక్కడ పాటించే అంతర్జాతీయ ప్రమాణం సిస్పర్ 11 ఆరో కూర్పు 2015లో వచ్చింది. గ్రిడ్‌కు కలిపే ఇన్వర్టర్ల డీసీ వైపు రొదకు 150 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా పరిమితులను అది చేర్చింది. ప్రమాణం ఉన్నంత మాత్రాన అమలవుతుందని కాదు. నెదర్లాండ్స్ డిజిటల్ మౌలిక వసతుల తనిఖీ సంస్థ 2023లో 9 ఇన్వర్టర్లను పరీక్షిస్తే, వాటిలో 5 రేడియో అంతరాయం కలిగించగలవని తేలింది.

భారతదేశంలో 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకం కోటి ఇళ్ల మీద సౌర ఫలకాలను లక్ష్యంగా పెట్టుకుంది. 3 కిలోవాట్లు, ఆపై వ్యవస్థలకు రాయితీ 78,000 రూపాయలు. తెలుగు రాష్ట్రాల ఇళ్లలో సాధారణంగా కనిపించేది ఒకే స్ట్రింగ్ ఇన్వర్టర్ కాబట్టి స్విచింగ్ పరికరాల సంఖ్య అమెరికా ఇళ్లకంటే తక్కువ. కానీ డాబా మీది నుంచి కిందికి దిగే డీసీ తీగ ఇక్కడా ఉంది. ఆకాశవాణి మీడియం వేవ్ ప్రసారాలు హైదరాబాద్ నుంచి 738, విజయవాడ నుంచి 837, విశాఖపట్నం నుంచి 927 కిలోహెర్ట్జ్ మీద వస్తాయి. ఈ పౌనఃపున్యాలన్నీ స్విచింగ్ హార్మోనిక్స్ బలంగా ఉండే ప్రాంతంలోనే ఉన్నాయి. 1983లో హైదరాబాద్‌లో ఏర్పడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ కారణంగా ఈ నగరం హామ్‌లకు ఒక కేంద్రం కూడా. ప్లస్, మైనస్ తీగలను జంటగా దించడం వంటి జాగ్రత్తలకు ఫలకాలు బిగించే రోజున పెద్ద ఖర్చు ఉండదు. ఆ తర్వాత అదే పనికి డాబా మీది తీగలన్నీ విప్పాల్సి వస్తుంది.